లై అంటే అబద్ధమేనా? ఒక ఇంగ్లిష్ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పేవాళ్లకి కొన్ని మాటలు ఏ బ్యాచ్‌లోనైనా తప్పవు. నాకు అలాంటిది "లై". స్పెల్లింగ్‌లో మూడక్షరాలే. కానీ దాని మీద వచ్చినన్ని సందేహాలు పొడుగాటి మాటల మీద కూడా రావు. ఏళ్ల తరబడి విన్న ప్రశ్నలూ, వాటికి నేను చెప్పే జవాబులూ ఇవి.

లై అంటే అబద్ధమే కదా, ఇందులో అడగడానికి ఏముంది?

అర్థం వరకు అంతే. చిక్కు వచ్చేది బరువు దగ్గర.

తెలుగులో "ఆ వార్త అబద్ధం" అన్నామనుకోండి. ఆ వార్త నిజం కాదని మాత్రమే చెప్పాం. రాసినవాడు కావాలని రాశాడా, పొరపాటు పడ్డాడా అన్నది అందులో లేదు. ఇంగ్లిష్‌లో లై అనగానే దాని వెనక ఒక మనిషి నిలబడతాడు. నిజం తనకు తెలుసు, అయినా ఎదుటివాళ్లని నమ్మించాలని వేరేగా చెప్పాడు. తెలియక చెప్పిన తప్పు లై కిందికి రాదు.

బస్సు ఆరింటికి అని మీ స్నేహితుడు చెప్పాడు. మీరు వెళ్లేసరికి అది ఐదున్నరకే వెళ్లిపోయింది. టైమ్ మారిన సంగతి పాపం అతనికీ తెలియదు. అప్పుడు అతను చెప్పింది "రాంగ్". మీరు ఊరికి వెళ్లకూడదని, తెలిసి తెలిసి ఆరు అని చెప్పి ఉంటే అది "లై". రెండుసార్లూ మాట ఒకటే, బస్సు ఒకటే, మీరు స్టాండులో నిలబడి పోవడమూ ఒకటే. తేడా అంతా చెప్పినవాడి మనసులో ఉంది.

మన "అబద్ధం" సంస్కృతం నుంచి వచ్చింది. బద్ధం అంటే కట్టి ఉన్నది. అబద్ధం అంటే కట్టు లేనిది, పొంతన కుదరనిది. అంటే మన మాట పుట్టుకలోనే చూపు చెప్పిన విషయం మీద ఉంది, మాటకీ మాటకీ అతుకు ఉందా లేదా అని. "అబద్ధమాడితే అతికినట్టుండాలి" అనే సామెత ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. "అబద్ధం ఆడాడు" అన్నప్పుడు మనమూ మనిషినే అంటున్నాం, కాదనను. కానీ "అది అబద్ధం" అనే రెండు మాటల్లో మనిషి కనపడకుండా తప్పించుకోవచ్చు. "దట్స్ ఎ లై"లో ఆ వీలు లేదు.

మీటింగ్‌లో "దట్స్ ఎ లై" అన్నాను, అందరూ ఒక్కసారి గప్‌చుప్ అయిపోయారు. ఏం తప్పన్నాను?

మీరు "అది నిజం కాదండీ" అనుకుని అన్నారు. వాళ్లకి "మీరు మమ్మల్ని మోసం చేస్తున్నారు" అని వినపడింది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

హైదరాబాద్ నుంచి అమెరికా టీమ్‌తో కాల్‌లో మాట్లాడే మన పిల్లలు దాదాపు అందరూ ఒకసారైనా ఇక్కడ దెబ్బ తింటారు. క్లయింట్ "ఫైల్ మాకు అందలేదు" అంటాడు. మనవాడు పంపాడు, మెయిల్ కళ్లముందే ఉంది. ఉక్రోషంలో "యూ ఆర్ లయింగ్" అనేస్తాడు. ఫైల్ స్పామ్‌లో పడి ఉంటుంది. అవతలివాడు అబద్ధం ఆడలేదు, చూసుకోలేదంతే. కానీ అన్న మాట వెనక్కి రాదు కదా.

ఇలాంటి చోట వాడుకోవాల్సినవి వేరే ఉన్నాయి. "దట్స్ నాట్ కరెక్ట్" అంటే విషయం తప్పు అని. "ఐ డోంట్ థింక్ దట్స్ రైట్" ఇంకా మెత్తన. "దేర్ సీమ్స్ టు బి ఎ మిస్‌అండర్‌స్టాండింగ్" అంటే తప్పు ఎవరి మీదా పెట్టనట్టు. "దట్స్ నాట్ ట్రూ" కొంచెం గట్టిది, అయినా లై అంత కాదు. "లయర్" అని మనిషిని పిలవడం అన్నిటికంటే ఘాటు. ఇవాళ ఒక అబద్ధం ఆడాడు అనడం వేరు, వీడి బతుకే అబద్ధం అనడం వేరు.

మనం సరదాగా "ఛా, అబద్ధాలు చెప్పకు" అంటాం. దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

లై జోలికి పోకండి. "నో వే", "యూ ఆర్ కిడింగ్", "రియల్లీ?" ఇవే ఆ పని చేస్తాయి. మనం "ఉత్తుత్తినే అన్నా" అన్నట్టు వాళ్లు "జస్ట్ కిడింగ్" అంటారు. దగ్గరి స్నేహితులు నవ్వుతూ "లయర్!" అనుకోవడం అక్కడా ఉంది. అది చనువుని బట్టి. కొత్తవాళ్ల దగ్గర ప్రయోగాలు వద్దు.

"సే ఎ లై" అనాలా, "టెల్ ఎ లై" అనాలా?

టెల్. నిజానికీ అంతే, "టెల్ ది ట్రూత్". మనం రెండు చోట్లా చెప్పడం అనే అంటాం కాబట్టి సే, టెల్ కలిసిపోతాయి. లైని క్రియగా వాడేస్తే ఆ బెడదే లేదు, "హి లైడ్" అంటే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది తర్వాత వచ్చే చిన్న మాట దగ్గర. తెలుగులో "నాతో అబద్ధం చెప్పాడు" అంటాం. ఆ "తో"ని పట్టుకుని చాలామంది "హి లైడ్ విత్ మీ" అంటారు. సరైనది "హి లైడ్ టు మీ". దేని గురించో చెప్పాలంటే "అబౌట్", ఉదాహరణకి "హి లైడ్ అబౌట్ హిజ్ ఏజ్". మరి "లై విత్" అంటే? పాత ఇంగ్లిష్‌లో దానికి పక్క పంచుకోవడం అనే అర్థం ఉంది. క్లాసులో ఇది చెప్పాక ఆ తప్పు మళ్లీ ఎవరూ చేయరు.

పడుకోవడం అనే లై, అబద్ధం అనే లై ఒకటే మాటా?

కాదు. పోలికే గానీ చుట్టరికం లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో అవి రెండు వేరు మాటలు. అబద్ధమాడడం లేయోగన్, పడుకుని ఉండడం లిడ్జన్, దాదాపుగా అలా పలికేవారు. శతాబ్దాలు గడిచే కొద్దీ రెండూ అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. ఇంగ్లిష్‌కి దగ్గరి బంధువైన జర్మన్‌లో అవి ఇప్పటికీ కలవలేదు. అక్కడ అబద్ధమాడడం ల్యూగెన్, పడుకుని ఉండడం లీగెన్.

రూపాలు మారే తీరు చూసినా ఇది తెలుస్తుంది. అబద్ధం చెప్పే లై బుద్ధిమంతుడు: లై, లైడ్, లైడ్. పడుకునే లై మాత్రం లై, లే, లెయిన్ అని మారుతుంది. "హి లైడ్ ఆన్ ది బెడ్" అని రాస్తే మంచం మీద కూర్చుని అబద్ధం ఆడాడని అర్థం వస్తుంది.

లే, లెయిడ్, లెయిన్ ఎంత చదివినా గుర్తుండవు. ఏదైనా ఉపాయం ఉందా?

ఇంగ్లిష్ పుట్టిన ఊళ్లోవాళ్లకే గుర్తుండవు, మీరు బాధపడకండి. అక్కడ మామూలు మాటల్లో "లై డౌన్" అనాల్సిన చోట "ఐ యామ్ గోయింగ్ టు లే డౌన్" అనేవాళ్లు బోలెడుమంది. రాతలో మాత్రం ఇంకా తప్పుగానే లెక్క.

తెలుగు తెలిసినవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మనకి "పడుకోవడం", "పడుకోబెట్టడం" వేరు. తనంతట తాను చేసేది లై, ఇంకొకదాన్ని చేసేది లే. పాప పడుకుంది అన్నచోట లై, పాపని పడుకోబెట్టింది అన్నచోట లే. పెట్టడం, వేయడం, పరచడం అన్నీ లే కిందికే వస్తాయి. కోడి గుడ్డు పెడుతుంది, లే. మంత్రిగారు శంకుస్థాపన చేశారు, లెయిడ్. కంపెనీ ఉద్యోగులని తీసేసింది, లెయిడ్ ఆఫ్. ఈ చివరిది మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చేసింది.

ఇక మిగిలిన ఒకే ఒక్క ముల్లు: పడుకునే లైకి గతకాలం "లే". పెట్టే లేకి వర్తమానమూ "లే". "లాస్ట్ నైట్ ఐ లే అవేక్" అంటే రాత్రి మెలకువగా పడుకుని ఉన్నానని. ఇది వింతగా ఉన్నా సరైనదే. పెట్టే లేకి గతం లెయిడ్. దాన్ని ఎల్-ఏ-వై-ఈ-డి అని రాసేవాళ్లున్నారు, అది తప్పు.

లయింగ్ స్పెల్లింగ్‌లో వై ఎక్కడి నుంచి వచ్చింది?

డై నుంచి డయింగ్, టై నుంచి టయింగ్ వచ్చినట్టే. ఐ-ఈ పోయి వై వస్తుంది. అబద్ధానికీ పడుకోవడానికీ లయింగ్ ఒకటే, ఏదో పక్క మాటలని బట్టి తెలుసుకోవాలి.

లయర్, లాయర్ మధ్య పలకడంలో ఇబ్బంది పడుతున్నాను.

తెలుగు లిపిలో ఒక్క దీర్ఘమే తేడా. అబద్ధాలకోరు లయర్, వకీలు లాయర్. వకీళ్ల మీద ఈ జోకు పాతదే, ఇక్కడ మళ్లీ చెప్పను. లయర్ స్పెల్లింగ్ చివర ఈ-ఆర్ కాకుండా ఏ-ఆర్ అని మాత్రం గుర్తుంచుకోండి.

వైట్ లై అంటే? తెల్ల అబద్ధం అని రాయొచ్చా?

రాయొద్దు. మన అబద్ధానికి తెలుపు లేదు, పచ్చిదనమే ఉంది. వాళ్లు బేర్‌ఫేస్డ్ లై అన్నదాన్ని మనం "పచ్చి అబద్ధం" అంటాం.

వైట్ లై అంటే ఎవరికీ నష్టం లేని, ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా ఉండడానికి ఆడేది. వదినగారు చేసిన గుత్తి వంకాయలో ఉప్పు ఎక్కువైనా "బ్రహ్మాండంగా ఉంది" అంటామే, అది. మాట మనకి లేకపోయినా ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఏయే సందర్భాల్లో బొంకవచ్చో లెక్కపెట్టి చెబుతాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ భంగం వచ్చినప్పుడు, గోవులనీ బ్రాహ్మణులనీ కాపాడేటప్పుడు పాపం అంటదంటాడు. బలి వినలేదు, అది వేరే సంగతి. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు" అనే పెళ్లిళ్ల పేరయ్యలు మాత్రం ఇప్పటికీ వింటున్నారు. అయితే అబ్బాయి జీతం పెంచి చెప్పడం వైట్ లై కాదు, దాని మీద ఒక జీవితం ఆధారపడి ఉంది. అనువాదంలో "మొహమాటపు అబద్ధం", లేదంటే "హానిలేని అబద్ధం" అంటే సరిపోతుంది.

హాఫ్ ట్రూత్ కూడా లై కిందికే వస్తుందా?

ధర్మరాజుని అడగాలి. అశ్వత్థామ చచ్చాడన్నది గట్టిగా, ఏనుగన్నది మెల్లగా. చెప్పిన ప్రతి మాటా నిజమే, ద్రోణుడికి కలిగిన నమ్మకం మాత్రం తప్పుడుది. ఇంగ్లిష్‌లో కొందరు దీన్ని లై అనరు, "మిస్‌లీడింగ్" అంటారు, అంటే తప్పుదోవ పట్టించడం. ఇంకొందరు లై అనే అంటారు. భారతం అయితే మొహమాటపడలేదు. అంతవరకు నేల తాకకుండా నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలమీదికి దిగింది.

ఫిబ్, ఫాల్స్‌హుడ్, అన్‌ట్రూత్, ఫ్యాబ్రికేషన్ అన్నీ లైకి పర్యాయపదాలేనా?

డిక్షనరీలో పక్కపక్కనే ఉంటాయి, వాడుకలో ఉండవు. ఫిబ్ పిల్లల అబద్ధం. హోమ్‌వర్క్ కుక్క తినేసిందంటాడే, అలాంటిది. పెద్దవాళ్లు తమ అబద్ధాన్ని చిన్నది చేసి చూపడానికీ ఈ మాట వాడతారు. ఫాల్స్‌హుడ్ అంటే నిజం కాని మాట. కావాలని అన్నాడో లేదో తేల్చకుండా వదిలేస్తుంది. అన్‌ట్రూత్ కూడా అటువంటిదే, ఇంకాస్త మర్యాద ముసుగు వేసుకున్నది. మన "అసత్యం", "అవాస్తవం" వీటికి దగ్గర. ఫ్యాబ్రికేషన్ కూర్చి పేర్చి కట్టిన కథ, కట్టుకథ. బ్లఫ్ అంటే లేని బలం ఉన్నట్టు నటించడం, పేకాటలో చేసేది.

ఇంగ్లిష్ పత్రికలు నాయకుల మాటలని లై అనడానికి ఎందుకు జంకుతాయి?

మొదట చెప్పుకున్న కారణమే. లై అని రాయాలంటే ఆ మనిషికి నిజం ముందే తెలుసని చూపించగలగాలి. మనసులో ఏముందో రిపోర్టరుకి ఎలా తెలుస్తుంది?

2016 అమెరికా ఎన్నికల్లో ఇది పెద్ద రచ్చ అయింది. ఒబామా అమెరికాలో పుట్టలేదన్న ప్రచారాన్ని ట్రంప్ ఏళ్ల తరబడి చేశారు. ఆ సెప్టెంబరులో ఆయన దాన్ని వదులుకున్నప్పుడు న్యూయార్క్ టైమ్స్ హెడ్డింగ్‌లోనే లై అని వేసింది. వాల్ స్ట్రీట్ జర్నల్ ఎడిటర్ మాత్రం, లై అంటే మోసగించాలనే ఉద్దేశం ఉందని చెప్పినట్టవుతుంది, అందుకే ఆచితూచి వాడతామన్నారు. వాషింగ్టన్ పోస్ట్ ట్రంప్ మొదటి నాలుగేళ్ల పాలనలో చెప్పినవాటిలో 30,573 లెక్కపెట్టింది. అయినా ఆ లెక్కకి పెట్టిన పేరు "తప్పుడు లేదా తప్పుదోవ పట్టించే మాటలు" అనే. నాకైతే ఈ జాగ్రత్త నచ్చుతుంది. కానీ నిజం చూపించాక కూడా అదే మాట పదిసార్లు అంటుంటే, తెలియదనుకోవడం కూడా ఒక రకం మొహమాటమే.

చట్టసభల్లో ఈ మాట అనకూడదంటారు, నిజమేనా?

నిజమే. బ్రిటన్ పార్లమెంటులో తోటి సభ్యుణ్ణి లయర్ అంటే వెనక్కి తీసుకోమంటారు, వినకపోతే బయటికి పంపుతారు. 2022లో లోక్‌సభ సచివాలయం ఇచ్చిన అన్‌పార్లమెంటరీ మాటల జాబితాలో లై ఉంది, అన్‌ట్రూ కూడా ఉంది. లోక్‌సభ నిబంధన 380 కింద అలాంటి మాటలని స్పీకర్ రికార్డుల నుంచి తీసేయించవచ్చు.

నోరు కట్టేస్తే భాష ఇంకో దారి వెతుక్కుంటుంది. 1906 ఫిబ్రవరిలో చర్చిల్, అప్పటికి వలసల శాఖలో ఉపమంత్రి, దక్షిణాఫ్రికాలోని చైనా కూలీల ఒప్పందాన్ని బానిసత్వం అనడం "టెర్మినలాజికల్ ఇన్ఎగ్జాక్టిట్యూడ్" అవుతుందన్నారు. పదాల కచ్చితత్వం లోపించడం అని దాని అర్థం. ఆయన అన్నది అక్షరాలా ఆ అర్థంలోనే, కానీ తర్వాత అది లైకి మర్యాదపూర్వకమైన మారుపేరై కూర్చుంది. 1986లో బ్రిటన్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియా కోర్టులో సాక్ష్యం చెబుతూ, తన ఉత్తరం గురించి "ఎకనామికల్ విత్ ది ట్రూత్" అన్నారు. నిజాన్ని పొదుపుగా వాడడమట! మన సభల్లో వినపడే "సత్యదూరం", "సభను తప్పుదోవ పట్టిస్తున్నారు అధ్యక్షా" కూడా ఈ వంశానివే. మైకు ముందు సత్యదూరమైనది మీడియా పాయింట్ దగ్గరికి వచ్చేసరికి పచ్చి అబద్ధం అయిపోతుంది.

కోర్టులో చెప్పే అబద్ధానికి వేరే మాట ఉందా?

పెర్జరీ. ప్రమాణం చేసి చెప్పే అబద్ధం, మన దొంగ సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 227వ సెక్షన్ దీన్ని వివరిస్తుంది, 229 శిక్ష చెబుతుంది. కోర్టు విచారణలో అయితే ఏడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. ఇక్కడా చెప్పినవాడికి అది తప్పని తెలిసి ఉండాలి, లేదా నిజమని తానే నమ్మకుండా చెప్పి ఉండాలి.

వీసా ఫారాల్లో కనపడే "మిస్‌రిప్రజెంటేషన్" కూడా ఈ కోవలోదే. లేని ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు, పాత వీసా తిరస్కరణ లేనట్టు రాస్తే అమెరికా చట్టం దాన్ని లై అని పిలవదు. ముఖ్యమైన విషయంలో కావాలని చేశారని తేలితే, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప ఆ దేశంలోకి శాశ్వతంగా రానివ్వదు.

లై డిటెక్టర్ నిజంగా లైని పట్టుకుంటుందా?

పేరే పెద్ద లై. ఆ యంత్రం కొలిచేది రక్తపోటు, నాడి, ఊపిరి, చర్మం మీది చెమట. అంటే టెన్షన్‌ని. టెన్షన్ పడే నిజాయితీపరుడు దొరికిపోతాడు, జంకని దొంగ తప్పించుకుంటాడు. ఇష్టం లేనివాళ్లకి ఈ పరీక్ష చేయకూడదని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పింది.

అనువాదం చేసేటప్పుడు లైకి ప్రతిసారీ అబద్ధం అనే రాయాలా?

అక్కర్లేదు, మన దగ్గర సరుకు చాలా ఉంది. బొంకు, కల్ల అచ్చ తెలుగు మాటలు. దొరికిపోయాక కూడా కాదని వాదిస్తే బుకాయింపు. లేని గొప్పలు చెబితే కోతలు. టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్న పోలిగాడిది ఈ రకం. నమ్మించి ఆడుకుంటే చెవిలో పువ్వు పెట్టడం. తప్పు కప్పిపుచ్చడానికి అప్పటికప్పుడు అల్లితే, ఈ మధ్య అందరూ అనేది కవరింగ్. తెలంగాణలో ఝూటా మాటలు, చెప్పేవాడు ఝూటాకోరు. పోలీసులూ పత్రికలూ "తప్పుడు" అనే మాటతో నడిపిస్తాయి: తప్పుడు కేసు, తప్పుడు లెక్కలు. ఇక "దొంగ" చేసే పని ఇంగ్లిష్‌లో ఏ ఒక్క మాటా చేయలేదు. దొంగ నిద్ర, దొంగ ఏడుపు, దొంగ ఓటు, ఒక్కోదానికి ఒక్కో మాట వెతుక్కోవాలి.

బిలై అంటే కూడా అబద్ధం చెప్పడమేనా?

ఒకప్పుడు ఒకరి మీద అబద్ధాలు చెప్పడం. ఇప్పుడు మనుషుల కంటే వస్తువులకీ రూపాలకీ ఎక్కువ వాడతారు. "హర్ స్మైల్ బిలైడ్ హర్ ఫియర్" అంటే లోపలి భయాన్ని నవ్వు కనపడనివ్వలేదని. "గివ్ ది లై టు" అంటే ఒక మాట తప్పని రుజువు చేయడం. వినగానే అబద్ధం ఇవ్వడంలా ఉంటుంది, అర్థం దానికి తిరగబడి ఉంది.

డేటా సైన్స్‌లో అవుట్‌లయర్ అంటారు. అందులో లయర్ ఉన్నాడా?

లేడు. అది పడుకునే లై, బయట పడి ఉన్నది అని. అండర్‌లయింగ్‌లో ఉన్నదీ అదే. గోల్ఫ్‌లో బంతి పడి ఉన్న తీరుని కూడా లై అనే అంటారు. కాబట్టి గోల్ఫ్ ఆడే బాస్ "దట్స్ ఎ బ్యాడ్ లై" అంటే కంగారు పడకండి, బంతి గడ్డిలో ఇరుక్కుంది.